మూడో పిలుపు

విజయనగరంలో ఆ రోజుల్లో ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందుగా కదిలేది ‘సాగనంపు’ సంస్థ వారి మౌనరథం. బ్యాటరీతో చప్పుడు లేకుండా నడిచే ఆ బండి, కట్టెలు, కుండ, పువ్వులు, పురోహితుడు, అన్నీ బంగారమ్మ చూసుకునేది. తాత నాటి నుంచీ ఆ ఇంటికి అదే వృత్తి. యంత్రాల సంగతి తమ్ముడు అప్పన్నది. 2084 కల్లా ఇలాంటి పేర్లు మళ్ళీ ఫ్యాషనైపోయాయి లెండి. చైతన్య, స్రవంతి అంటేనే పాతకాలం ముసలివాళ్ళని అర్థం.

అప్పన్న తయారుచేసిన యంత్రం పేరు ‘మారుపలుకు’. గోరంత స్వరచిప్పు. బతికున్న మనిషి మెడలో నెలపాటు వేలాడి అతని గొంతునీ, మాటతీరునీ, ఎప్పుడు పలుకుతాడో ఎప్పుడు ఊరుకుంటాడో కూడా నేర్చేసుకుంటుంది. పోయాక దాన్ని పాడె మీద తలాపున పెడతారు. శ్మశానానికి ముందు దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, ఏ మూలో ప్రాణం ఉండి పలుకుతారేమోనని! తరతరాలుగా పిలుస్తూనే ఉన్నాం, ఎవరూ పలికింది లేదు. మారుపలుకు పలుకుతుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. పలికే గొంతుని వదిలి ఎవరు లేస్తారు? మొన్న ఒక కొడుకు తండ్రితో కబుర్లు చెబుతూ పొద్దుగూకేదాకా పాడె ఎత్తనివ్వలేదు. “దీన్ని తీసుకెళ్ళి గెడ్డనీళ్ళలో పారెయ్యిరా” అని బంగారమ్మ తమ్ముణ్ణి పోరుతూనే ఉంది.

అలాంటి సమయంలో రిటైర్డ్ సుబేదార్ చైతన్య, భార్య స్రవంతితో కలిసి తన చావు ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి వచ్చాడు. గుండె ఎక్కువకాలం లాగదని డాక్టర్లు తేల్చేశారు. చిప్పు అప్పటికే నెల రోజులుగా మెడలో ఉంది.

“జెండా కప్పడం, తుపాకులు పేల్చడం మా రెజిమెంటోళ్ళు చూసుకుంటారమ్మా. బ్యూగిల్ ఊదే కుర్రోడికి మాత్రం ముందు టీ ఇయ్యి. ఎండిన నోటితో ఊదితే మేక అరిచినట్టుంటాది.”

“చాల్లే సంబడం! చావు మాటలాడతన్నావా, పెళ్ళి మాటలాడతన్నావా?” అని కసిరి, స్రవంతి బంగారమ్మ వైపు తిరిగింది. “నాకింకేటీ వద్దమ్మా. అక్కడ పిలిస్తే పలికితే చాలు. ఇంక నేనక్కడి నుంచి లెగను.”

బంగారమ్మకి మొన్నటి కొడుకు గుర్తొచ్చాడు. వీళ్ళకి పిల్లలు లేరు. ఈవిడ అక్కడే కూలబడిపోతే లేవదీసేదెవరు?

స్రవంతి ఆటో పిలవడానికి బయటికి వెళ్ళి, గుమ్మంలోంచి కేకేసింది. “బావా!” సుబేదార్ కదల్లేదు. “బావా!” ఉలకలేదు, పలకలేదు. మూడోసారికి “ఆఁ, ఏటే, వస్తన్నా!” అన్నాడు.

“ఫిరంగుల దగ్గర పనిచేసి చెవులు పోయాయమ్మా” అన్నాడు బంగారమ్మతో.

“చెవులకేటీ రోగం లేదు! బెల్లం డబ్బా మూత తీస్తే పెరట్లోకి వినబడతాది” అంది బయటి నుంచి స్రవంతి.

ఆమె వెళ్ళి ఆటో ఎక్కాక సుబేదార్ నవ్వుతూ చిప్పు తీసి బల్ల మీద పెట్టాడు. అది అడిగింది: “మీరు మూడో పిలుపుకి గాని పలకరని నేర్చుకున్నాను. అలాగే పలకనా?”

“వద్దు. మొదటి పిలుపుకే పలుకు.”

“అలా అయితే అది మీలా ఉండదు.”

“తెలుసు. మూడోసారి కూడా పిలిస్తే మాత్రం అచ్చం నాలాగే పలుకు.”

పాపం, జన్మంతా ఎదురుచూపించినందుకు చివర్లో ఋణం తీర్చుకుంటున్నాడు అనుకుంది బంగారమ్మ.

ఆషాఢంలో ఆయన పోయాడు. జెండా కప్పారు. కుర్రవాడు టీ తాగి బ్యూగిల్ చక్కగా ఊదాడు. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. స్రవంతి మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గరికి వంగింది.

“బావా!”

“ఆఁ, ఏటే, వస్తన్నా!”

జనం ఘొల్లుమన్నారు. అయిపోయింది, ఇంక ఈవిడ లేవదు అనుకుని బంగారమ్మ కళ్ళు మూసుకుంది. స్రవంతి ఏడుపు మాత్రం వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే స్రవంతి నవ్వుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

“ఓలమ్మో! ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా మొదటి పిలుపుకి పలికాడేటి ఈ మనిషి? పోయాడమ్మా. మా బావ నిజంగానే పోయాడు.”

ఆయన అలా ఎందుకు చెప్పాడో బంగారమ్మకి అప్పటికి అర్థమైంది.

“ఇంకా రెండుసార్లు పిలవాలమ్మా” అన్నాడు పురోహితుడు.

స్రవంతి భర్త చెంప నిమిరి, పాడె పట్టుకుని మెల్లగా లేచింది. “వద్దు బాబూ. మూడోసారి పిలిస్తే వచ్చేస్తాడు. మా బావ బాగా అలిసిపోయాడు, పడుకోనీండి. ఎత్తండి.”

తిరుగుదారిలో బంగారమ్మ అరచేతిలో చిప్పు అడిగింది: “మూడో పిలుపు రాలేదు. ఇంకా ఎదురుచూడనా?”

“ఇటివ్వక్కా, ఆపేస్తాను. ఎలాగూ గెడ్డలో పారెయ్యమన్నావు కదా!” అంటూ అప్పన్న చెయ్యి చాచాడు.

బంగారమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

“ఉండనీరా. ఏమో, ఆవిడ ఎప్పుడైనా పిలిస్తే?”