కొలతల పుస్తకంలో చుక్కలు

“కొలతల పుస్తకం ఈ కొట్టు గడప దాటదు. కావాలంటే మీ ల్యాప్‌టాప్ లోపలికి రావచ్చు. మీరు కూడా రావచ్చు, చెప్పులు బయట విడిస్తే. నేలమీద గుడ్డ పరిచుంది.”

ఆ టైలరింగ్ కొట్టులో నాకు దక్కిన స్వాగతం ఇది. అన్నది టైలర్ మాస్టర్ గారి అమ్మాయి. మోకాళ్లమీద కూర్చుని, సుద్దతో గీసిన గీత వెంట కత్తెర నడిపిస్తోంది. నావైపు తల కూడా ఎత్తలేదు.

“ఆఫీసుకు తీసుకెళ్తే రెండు రోజుల్లో స్కాన్ చేసి తెచ్చేస్తానండీ,” అన్నాను.

“మా నాన్న ముప్పై ఏళ్లుగా కొలతలు రాసుకున్న పుస్తకం అది. రెండు రోజులు కనబడకపోతే ఆయనకి తోచదు. పోనీ, మీ ల్యాప్‌టాప్ ఇక్కడ వదిలి వెళ్లండి. నేనే చేసి పెడతాను.”

నేను ల్యాప్‌టాప్ సంచిని గుండెకు హత్తుకున్నాను. అప్పుడు తలెత్తి చూసింది. నవ్వలేదు కానీ, నవ్వు కళ్లదాకా వచ్చి ఆగిపోయింది. ఆ నిమిషంలోనే ఆమెకు మనసులో ‘కత్తెర’ అని పేరు పెట్టేశాను. ఆమె నాకు పెట్టిన పేరు ఇంకా సులువు: ‘ల్యాప్‌టాప్ గారు’.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఏ పని అప్పగించినా తప్పు లేకుండా చేయాలన్న పంతం నాకు కొంచెం ఎక్కువే. మా కంపెనీ చిన్న చిన్న కొట్లను ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. మాస్టర్ గారి దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లలో సగం మంది ఊళ్లు మారిపోయారు. వాళ్లు ఎక్కడున్నా ఫోన్‌లో గుడ్డ ఎంచుకుంటే చాలు. కొలతలు కొట్టులోనే ఉన్నాయి కాబట్టి కుట్టి పంపించేయవచ్చు. కుదరాల్సింది ఒక్కటే: పుస్తకంలో ఉన్నది కంప్యూటర్‌లోకి రావాలి.

గోడవార బల్లమీద కూర్చున్న మాస్టర్ గారు అసలు సంగతి చెప్పారు.

“సూది బెజ్జం నాకు కనబడటం మానేసి ఏడాదైంది బాబూ. వచ్చే నెలలో కంటి ఆపరేషన్. ఆ నెలాఖరులోగా నీ కంప్యూటర్ వల్ల ఆర్డర్లు వచ్చి నిలబడితే కొట్టు అమ్మాయి నడుపుకుంటుంది. లేదా, షట్టర్ దించేస్తాను. రెడీమేడ్ కంపెనీలో దానికి ఉద్యోగం మాట్లాడి ఉంచాను.”

“ఏం ఉద్యోగమండీ?”

“కాలర్లు,” అంది కత్తెర. “పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలర్లే. వాటి కింద చొక్కా ఎలా ఉంటుందో చూసే పని కూడా ఉండదు.”

మామూలుగానే అంది. కానీ చేతిలోని కత్తెర గీత తప్పి, గుడ్డ అంచున చిన్న గాటు పడింది. అప్పటినుంచి అది నాకు ఆఫీసు పనిగా అనిపించలేదు.

రోజూ కొట్టులోని కటింగ్ టేబుల్ చివర కూర్చుని కొలతలు ఎక్కించేవాణ్ని. మిషన్ శబ్దం, ఇస్త్రీ పెట్టె ఆవిరి, మధ్యలో మాస్టర్ గారి కబుర్లు.

“ఇదివరకు బస్సు దిగినవాడు ఇంటికి పోకముందే ఇటొచ్చేవాడు బాబూ. ఇప్పుడు బస్సులో కూర్చునే బొటనవేలితో చొక్కా కొంటున్నాడు. నప్పకపోతే వెనక్కి పంపేస్తున్నాడు. మా కాలంలో చొక్కా వెనక్కొచ్చిందంటే టైలర్‌కి రెండ్రోజులు అన్నం సహించేది కాదు.”

నాలుగో రోజు వాన. జల్లు నేరుగా లోపలికి కొట్టింది. ఆమె పుస్తకం పట్టుకుని, నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకే మూలకు పరిగెత్తాం. మూల చిన్నది.

“కొంచెం జరగండి.”

“ఇంకెక్కడికండీ, గోడలోకా?”

“మీ ల్యాప్‌టాప్‌కి అన్నీ తెలుసు కదా. దారి అడగండి.”

ఆమె జడ తడిసి ఉంది. భుజాన వేలాడుతున్న కొలతల టేపు నా చేతికి తగులుతోంది. ఇద్దరం బయటికి శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాం, వాన అనేది అంతకుముందెప్పుడూ చూడనట్టు.

పది రోజుల్లో ఆరు వందల పేర్లూ ఎక్కాయి.

“ఉన్నదున్నట్టు ఎక్కించారా?” అని అడిగింది.

“ఒక్క అంకె తప్పున్నా నా డిగ్రీ వెనక్కి ఇచ్చేస్తాను. ఇక మీరు పుస్తకం తీయక్కర్లేదు. ప్రింట్ చూసి కత్తిరించండి.”

మొదటి మూడు రోజుల్లోనే పద్నాలుగు ఆర్డర్లు వచ్చాయి. నేనిచ్చిన కాగితాలు చూసి ఆమె పద్నాలుగు చొక్కాలూ కుట్టింది. పంపించాం.

తొమ్మిది వెనక్కి వచ్చాయి.

నేను వెళ్లేసరికి పొట్లాలు విప్పి టేబుల్ మీద వరసగా ఉన్నాయి. మాస్టర్ గారు ఒక చొక్కా ఒళ్లో పెట్టుకుని, దాని భుజాన్ని వేళ్లతో తడుముతున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కత్తెర పుస్తకం తెరిచి, పక్కన నా ప్రింట్ పెట్టింది. “చుక్కలేవి?”

“ఏ చుక్కలు?”

అంకెల పక్కన వేలు పెట్టి చూపించింది. నిజమే. కొన్ని అంకెలకు పైన, కొన్నింటికి కింద, కొన్నింటికి రెండేసి చిన్న చుక్కలు.

“అవి… ఇంకు మరకలనుకున్నాను. పెన్ను కారిందేమోనని.”

“ఆరు వందల మందికీ కారిందా?”

ఆమె గొంతు తగ్గించింది.

“ఒకాయనకి ఒక భుజం దిగి ఉంటుంది. ఒకరికి పొట్ట ముందుకుంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి వినేలా ఆ మాట అంటామా? అందుకే నాన్న అంకె మాత్రమే పైకి చెప్తాడు. రాసేటప్పుడు పక్కన చుక్క పడుతుంది. ఎక్కడ పడితే ఏమిటో మా ఇద్దరికే తెలుసు.” కొంచెం ఆగింది. “తప్పు నాది కూడా. చుక్క లేని కాగితం చూసి తిన్నని ఒళ్లనుకున్నాను. పద్నాలుగు మందీ అంత తిన్నగా ఎలా ఉంటారని ఒక్కసారి కూడా తోచలేదు.”

“పోనీలెండి, సులువే. ఇంకో కాలమ్ పెడతాను. ఏ చుక్కకి ఏ అర్థమో చెప్పండి, మాటల్లో రాసేద్దాం.”

“కొలతలిచ్చినాయన ఫోన్ తెరిస్తే తన పేరు పక్కన ‘పొట్ట ఎక్కువ’ అని కనబడాలా?”

“ఆయనకి కనబడకుండా దాచవచ్చండీ.”

“మీకు కనబడుతుంది కదా.”

మా ఆఫీసులో ఎవరి వివరాలైనా ఎవరమైనా తెరిచి చూస్తాం. అందులో ఆలోచించాల్సింది ఉందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. నెలాఖరుకు ఇంకా రెండు వారాలు.

మర్నాడు పొద్దున్నే, షట్టర్ ఎత్తకముందే వెళ్లి నిలబడ్డాను.

“అర్థాలు నాకు అక్కర్లేదండీ. చుక్క ఎక్కడుందో మీరు చెప్పండి, అక్కడ పెడతాను. పైనుంటే పైన, కిందుంటే కింద. అన్నీ అయ్యాక ఆ కాలమ్‌కి పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. నేనటు తిరిగి నిలబడతాను.”

“ఆరు వందల పేర్లూ మళ్లీ మొదట్నుంచా?”

“మొదట్నుంచే.”

“ఆఫీసులో ఏమంటారు?”

“వారం సెలవు పెట్టాను.”

“ఎవరైనా సెలవు పెట్టి చుక్కలు పెడతారా?”

“కొందరు సెలవు పెట్టి కొండలెక్కుతారు. అదీ ఇలాంటిదే.”

ఈసారి నవ్వు కళ్లదగ్గర ఆగలేదు.

ఆ వారమంతా ఆమె చదువుతూ, నేను పెడుతూ గడిచింది. “నూట పన్నెండు. నడుము. కింద ఒకటి.” “పెట్టాను.” “నూట పదమూడు. భుజం. పైన రెండు.” “పెట్టాను.” ఒక్కదానికీ ఎందుకని అడగలేదు. మధ్యాహ్నాలు ఆమె వెనక్కొచ్చిన తొమ్మిది చొక్కాల కుట్లు విప్పి కూర్చునేది. సరిచేయడానికి గుడ్డ చాలని నాలుగింటిని కొత్తగా కత్తిరించింది. ఆరో రోజుకి మిషన్ తొక్కీ తొక్కీ కాళ్లు వాచాయి. కాసేపు ఆగమంటే, “కాలర్ల కంపెనీలో చేరాక ఆగుతాను,” అంది.

తొమ్మిదీ మళ్లీ పంపించాం. ఈ మధ్యలోనే మాస్టర్ గారికి ఆపరేషన్ జరిగింది. నల్లద్దాలు పెట్టుకుని బల్లమీద కూర్చుని, ఫోన్ మోగినప్పుడల్లా “ఎవరు?” అనేవారు. రెండు రోజులు ఆ తొమ్మిది మందిలో ఎవరూ కాదు.

మూడో రోజు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు ఫొటో పెట్టారు. చొక్కా వేసుకుని, గ్రూప్ ఫొటోకి నిలబడినట్టు నిలబడ్డారు. కింద రాశారు: ‘మాస్టర్ చెయ్యి అలాగే ఉంది. ఇంకో మూడు కుట్టించండి.’

నేను గట్టిగా చదివాను. కత్తెర మూతి ముడిచింది. “చెయ్యి నాన్నది కాదు, నాది.”

“రాయమంటారా?”

ఆమె తండ్రివైపు చూసింది. “రాయవయ్యా,” అన్నారాయన.

‘కుట్టింది మాస్టర్ గారి అమ్మాయండీ’ అని రాశాను. వెంటనే జవాబు: ‘అయితే నాలుగు.’

నెలాఖరుకు ఆ తొమ్మిది మందిలో ఏడుగురు మళ్లీ ఆర్డర్ పెట్టారు. వాళ్లు చెప్పగా ఇంకా చాలామంది అడిగారు. మాస్టర్ గారు ఆ పేర్లన్నీ నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

“కంపెనీవాళ్లకి ఫోన్ చేయి తల్లీ. కాలర్లకి వేరే మనిషిని చూసుకోమను.”

ఆమె “సరే నాన్నా” అని మాత్రం అంది. అని, ఇస్త్రీ చేసి ఉన్న చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

ఇక నాకు అక్కడ పనిలేదు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టాను. జిప్పు లాగాను. తీశాను. మళ్లీ లాగాను.

“అది తెగితే కుట్టేది నేనే,” అంది కత్తెర.

“నాకు తిప్పి చెప్పడం రాదండీ. మీరంటే నాకు ఇష్టం. పని అయిపోయిందని రేపట్నుంచి రాకుండా ఉండటం నావల్ల కాదు. మీకిష్టం లేకపోతే చెప్పండి, మళ్లీ అడగను.”

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. “నాన్నా, ల్యాప్‌టాప్ గారు ఏదో అంటున్నారు.”

“విన్నాను. ఆపరేషన్ కళ్లకే కదా చేశారు. నీ మాటేంటి?”

“గుండీ కుట్టడం కూడా రాదు నాన్నా ఈయనకి.”

“మరి?”

“చెప్పకూడదు అన్నదాన్ని మళ్లీ అడగలేదు,” అంది నెమ్మదిగా. “వారం రోజులు నా పక్కనే కూర్చుని, ఒక్కసారి కూడా.”

మాస్టర్ గారు నల్లద్దాల వెనకనుంచి నన్ను చాలాసేపు చూశారు.

“మీ ఇంట్లో ఎవరెవరు బాబూ?”

“అమ్మ, నాన్న. నాన్న మార్కెట్లో మూటలు మోస్తారండీ, ముప్పై ఏళ్లుగా.”

“ఆయన చొక్కాలు ఎక్కడ కుట్టిస్తారు?”

“కుట్టించరండీ. నేనే ఫోన్‌లో తెప్పిస్తాను. ఎంత మంచిదైనా ఆయన ఒంటిమీద భుజం దగ్గర జారుతుంది. సైజు తప్పేమోనని ఎన్నిసార్లు మార్చానో…”

మధ్యలో ఆగిపోయాను. తండ్రీ కూతుళ్లు ఒకర్నొకరు చూసుకున్నారు. నాన్న మూటలు ఎప్పుడూ ఆ భుజానే మోస్తారు.

“ఆదివారం తీసుకురా,” అన్నారు మాస్టర్ గారు. “కొలతలు నేనే తీస్తాను.”

అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది.

“అమ్మా, ఆదివారం నాన్నని ఒకచోటికి తీసుకెళ్లాలి. చొక్కా కుట్టించడానికి.”

“తీసుకెళ్లరా. నాకెందుకు చెప్తున్నావ్?”

“నువ్వు కూడా రావాలి.”

“ఆయన చొక్కాకి నేనెందుకురా?”

“అది… అంటే…” అంటూ కత్తెరవైపు చూశాను. కత్తెర చేయి చాపి ఫోన్ తీసుకుంది. గోడవైపు తిరిగి, స్పీకర్ నొక్కింది.

“అత్తయ్యా, మీరు కూడా తప్పకుండా రావాలండీ.”

అవతలినుంచి అమ్మ గొంతు, ఎప్పుడూ లేనంత మెత్తగా:

“ఎన్నింటికి రమ్మంటావమ్మా?”