ఐదో గ్లాసు

సోమవారం ఉదయం తొమ్మిదింటికి డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిన ఆమె రెండు కాళ్లకీ వేర్వేరు జతల చెప్పులున్నాయి. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. సాయంత్రం ఐదుకి ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితాలతో ఇంటికి వస్తానన్నాడట.

"మామయ్యగారికి నేనే విషం పెట్టానంటున్నారు. మా వదిన కూడా అదే మాట. నాకు చాలా భయంగా ఉంది మేడమ్," అంది.

డిటెక్టివ్ మాట తక్కువ మనిషి. ఆవిడ అసిస్టెంటు మాత్రం పోస్ట్‌మాన్‌గా రిటైరైన పెద్దమనిషి, ఆవిడ తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉందనుకునే రకం. వెంటనే పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

మామగారు వైన్ రుచి చూసి చెప్పడంలో పేరుమోసినవాడు. ఏ వంటకానికి ఏ వైన్ జతో ఆయన చెబితే ఊళ్లో హోటళ్లన్నీ అదే వడ్డిస్తాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కోడలు వండుతుంది, శిష్యుడు పేరు కనబడకుండా సీసాలకి గుడ్డ చుట్టి పోస్తాడు. వట్టి వైన్‌ని అందరూ పుక్కిలించి ఉమ్మేస్తారు, తిండితో కలిపి తాగేదాన్ని మాత్రమే మింగుతారు. నిన్న చేప, తెల్లవైన్ బాగానే సాగాయి. మిరియాల మాంసంతో ఎర్రవైన్ మింగిన పావుగంటకి పెద్దాయన వాంతి చేసుకుని పక్కకి ఒరిగిపోయాడు. ఆయనతోపాటే పళ్లెమూ కిందపడింది. మొక్కలకి కొట్టే పురుగుమందని డాక్టర్లు తేల్చారు. ఇంకా స్పృహ రాలేదు.

పదిన్నరకల్లా వాళ్లింటికి వెళ్లారు. అక్కడ ఇన్‌స్పెక్టర్ తన లెక్క విప్పి చెప్పాడు.

"ఆ మందు గుప్పున కొడుతుంది మేడమ్. వైన్‌లో కలిపితే ఆయన ముక్కుకి ఆమడ దూరాన్నించే తెలిసిపోదూ? మిరియాల ఘాటులోనే దాచాలి. ఆయనకి వడ్డించింది ఈవిడ."

వేలు పెట్టి చూపడానికి తప్పేమీ కనిపించలేదు. అసిస్టెంటు మొహం వాడిపోయింది.

భోజనాల బల్ల నిన్నటిలాగే ఉంది. తిన్నది ఐదుగురు, బల్లమీద గ్లాసులు నాలుగే, అడుగున ఎర్రటి మరకలతో. ఐదోది, పెద్దాయనది, పక్కనున్న చెక్క స్టాండుకి తలకిందులుగా వేలాడుతూ తళతళలాడుతోంది. డిటెక్టివ్ దాన్ని వాసన చూసి, వెలుతురుకి పట్టి చూసి, మళ్లీ అక్కడే తగిలించింది.

కొడుకు గ్యారేజీలో మెకానిక్. నాన్నని ఎత్తి పట్టుకున్నానని చెప్పాడు. కూతురు ఆయన తల ఒళ్లో పెట్టుకుందట. కోడలు నీళ్లకోసం వంటింట్లోకి పరిగెత్తిందని, శిష్యుడు వంటింటి పక్కనే ఉన్న ఫోన్ దగ్గరికి వెళ్లి అంబులెన్స్ పిలిచాడని కూతురే చెప్పింది. ఆ గ్లాసు కడిగింది ఎవరంటే ఎవరికి వారే తాను కాదన్నారు.

కూతురు డిటెక్టివ్‌ని పక్కకి తీసుకెళ్లింది. "తన పని ఎవరికి అప్పగిస్తాడో నిన్న భోజనమయ్యాక చెబుతానన్నాడు నాన్న. మూడు నెలలుగా కోడలితోనే గుసగుసలు. తీరా తన పేరు కాదని తెలిసి ఈవిడకి కడుపు మండి ఉంటుంది," అంది.

డిటెక్టివ్ వంటింట్లో సింకు పక్కనున్న సబ్బు తీసి అసిస్టెంటు ముక్కు దగ్గర పెట్టింది. నిమ్మవాసన ఘాటుకి ఆయన మూడుసార్లు తుమ్మాడు. తర్వాత పెద్దాయన రుచుల పుస్తకం తెరిచింది. చలికాలం దాకా ప్రతి పేజీలోనూ వానకి తడిసిన మట్టి, మగ్గిన జామపండు, కాల్చిన తోలు. ఆ తర్వాత మూడు నెలలూ తీపి, పులుపు, వగరు, చేదు, అంతే. అసిస్టెంటు రెండుసార్లు చదివినా ఆయనకేమీ తట్టలేదు.

నాలుగున్నరకి అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితాలున్నాయి. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది.

"పోలీసులు పరీక్షకి తీసుకోవలసినవి తీసుకున్నారు. ముందు ఎవరి గ్లాసు వాళ్లు కడిగేయండి, తర్వాత మాట్లాడుకుందాం," అంది డిటెక్టివ్.

కొడుకు కుళాయి కింద రెండు తిప్పులు తిప్పి గట్టుమీద పెట్టేశాడు. కూతురూ కోడలూ సబ్బుతో బరబరా రుద్ది బోర్లించారు. శిష్యుడు కెటిల్‌లోని వేడినీళ్లు పోసి తొలిపాడు. తెల్లటి పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచాడు, వెలుతురుకి పట్టి చూశాడు, స్టాండుకి తలకిందులుగా తగిలించాడు. అప్పుడుగానీ తనేం చేశాడో ఆయనకి తెలియలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నిన్న కూడా చెయ్యి ఇలాగే మాట వినలేదు," అంది డిటెక్టివ్. "విషం కూరలో ఉంటే గ్లాసు కడగాల్సిన పనేముంది? ఈ ఇంట్లోవాళ్లు కడిగితే నిమ్మవాసన వచ్చేది, నీటిచుక్కల మచ్చలు ఉండేవి. సబ్బు వాసన వైన్‌ని పాడుచేస్తుందని వేడినీళ్లతోనే కడిగి, పొడిగా తుడిచేది మీ వృత్తివాళ్లే. కంగారులో ఊరికే తొలిపి బల్లమీద పెట్టి ఉంటే నేనూ పట్టించుకునేదాన్ని కాదు."

"వాసన మాటేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పెద్దాయనకి మూడు నెలలుగా వాసన తెలియదు. పుస్తకం చూడండి, నాలుకకి తెలిసేవే రాశాడు. అయినా ఆ సంగతి బయటపడలేదంటే, గ్లాసుల్లో వైన్ పోస్తూ వాసనలు ఆయన చెవిలో ఊదిన మనిషి ఉండాలి, ఆ మనిషికి ఈ గుట్టు తెలుసు. మందు చేదు తగిలినా, వైన్ చేదేనని చెబితే ఆయన నమ్మి మింగాడు."

శిష్యుడు కూలబడ్డాడు. "పదకొండేళ్లు సేవ చేశాను. మూడు నెలలు ఆయన ముక్కు నేనయ్యాను. చివరికి గరిటె తిప్పే ఈవిడకి అప్పగిస్తాడా అని ఒళ్లు మండింది," అన్నాడు.

కోడలు గోడ దగ్గర్నించి కదిలింది. శిష్యుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకిస్తానన్న మాట నిజమే. నేనే వద్దన్నానండీ. 'నాకు వంట చాలు, పదకొండేళ్లుగా మిమ్మల్నే నమ్ముకున్నవారు, ఆయనకే ఇవ్వండి మామయ్యగారూ' అని రోజూ పోరాను. శనివారం ఒప్పుకున్నారు. తాను చెప్పేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. నిన్న మీ పేరే చెప్పబోయారు."

శిష్యుడు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఇన్‌స్పెక్టర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఆయన భుజం పట్టి లేపాడు. కూతురు మరదలి చెయ్యి పట్టుకోబోయి, సిగ్గుతో వెనక్కి తీసుకుంది.

వాళ్లు గుమ్మం దాటకముందే ఫోన్ మోగింది. కొడుకు అందుకుని విన్నాడు. కళ్లనీళ్లు తిరిగాయి.

"నాన్న కళ్లు తెరిచాడట," అన్నాడు. గుమ్మంలోని మనిషి వైపు చూసి గొంతు తగ్గించాడు. "శిష్యుడేడి, వాడికో మాట చెప్పాలి, పంపించండి అంటున్నాడట."

అసిస్టెంటు పుస్తకం మూసేశాడు. శిష్యుడు గుమ్మంలోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆస్పత్రికి వెళ్లి ఈ సంగతి చెప్పే ధైర్యం కొడుక్కీ లేదు, కూతురికీ లేదు.

"నేను చెబుతాను," అని కోడలు చెప్పులేసుకుంది.