వదిన ఇంట్లో వైఫై

అక్షరదోషాలుంటే మన్నించండి. నేను బలపం పట్టింది అరవై దాటాక. కథలో మనుషులు పరిగెడతారు గానీ నా చెయ్యి నెమ్మదిగానే నడుస్తుంది.

"టార్గెట్ మీ వదిన," అన్నాడు పెద్దాయన, ఫైలు మూస్తూ.

ఆ గూఢచారి ఆఫీసులో అందరూ వైరు అని పిలిచే సన్నటి ఏజెంట్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అన్న ఇదే ఆఫీసు పని మీద వెళ్లి ప్రాణాలు పోగొట్టుకుని ఇంకా ఏడాది కాలేదు.

"సరిహద్దు అవతల మనకి పనిచేసే పదకొండు మంది లిస్టు ఆవిడ దగ్గరుంది. ఇవాళ నాలుగింటికి శత్రువుల గూఢచారి ముఠాకి పంపుతుంది. అది చేరితే పదకొండు మందీ శవాలే. కొత్త ఫ్లాట్‌లో వైఫై పెట్టమని నిన్నే పిలిచిందిగా? ఈ రౌటర్ బిగించు. ఇందులో మన చిప్ ఉంది. పంపేదంతా మన దగ్గరికే వస్తుంది."

"ఇప్పుడే అరెస్టు చెయ్యొచ్చుగా సార్?"

"లిస్టు ఎక్కడ దాచిందో తెలీదు. పంపుతుండగా పట్టుకోవాలి."

చుట్టాలందరికీ వైరు ఇంటర్నెట్ మెకానిక్కే. వదినకి కూడా. ముత్యాల దుద్దులు, ఎర్ర లిప్‌స్టిక్, పలచటి సెంటు వాసనతో ఆవిడే తలుపు తీసింది.

"రా మరిదీ. చిక్కి సగమయ్యావు, ఇంకా సన్నబడితే తలుపు తియ్యక్కర్లేదు, కింద సందులోంచి వచ్చేయొచ్చు."

అతను సంచిలోంచి పెట్టె తీయబోయాడు.

"నీది వద్దు. నేను కొన్నాను," అంది.

చిప్ సంచిలోనే ఉండిపోయింది. హాల్లో అల్మారా పైన ఆవిడ రౌటర్ పెట్టి, గోడలోంచి వచ్చిన కేబుల్ గుచ్చాడు. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్‌ని అతని కళ్లజోడులో దాచిన కెమెరా ఫొటో తీసుకుంది. వైఫై పాస్‌వర్డ్ ఆవిడే టైపు చేసుకుంది.

"గదుల్లో సిగ్నల్ చూడాలి వదినా. పాస్‌వర్డ్ చెప్తారా?"

"మీ అన్నయ్య పోయిన తేదీ."

పద్నాలుగో తేదీ కొట్టాడు. తప్పు అంది ఫోన్.

"పద్నాలుగు కాదు, పన్నెండు."

"పోయింది పద్నాలుగున కదా వదినా?"

"మీ అందరికీ చెప్పింది పద్నాలుగు," అంది ఆవిడ, లాప్‌టాప్ తెరుస్తూ. "నువ్వు వంటింట్లో చూడు. నేనో ఫైలు పంపాలి."

నాలుగైంది. వంటింటి గుమ్మంలోంచి ఆమె స్క్రీన్ కనిపిస్తోంది. అరవై శాతం. డెబ్బై. వైఫైకి కొత్త పాస్‌వర్డ్ పెట్టింది గానీ, రౌటర్ సెట్టింగులకి ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చలేదు. చాలామంది మార్చరు. అది స్టిక్కర్ మీదే ఉంటుంది. వైరు ఫోన్‌లో సెట్టింగులు తెరిచాడు. తొంభై ఆరు. ఇంట్లో కనెక్ట్ అయినవి రెండే: తన ఫోన్, ఆవిడ లాప్‌టాప్. తొంభై ఎనిమిది. లాప్‌టాప్ పేరు పక్కన బ్లాక్ నొక్కాడు.

తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయింది.

ఆవిడ వెనక్కి తిరిగేసరికి చేతిలో పిస్తోలు ఉంది.

"నువ్వూ ఆ ఆఫీసువాడివేనా మరిదీ?"

"పదకొండు ప్రాణాలు వదినా. వాళ్లేం చేశారు?"

"మీ అన్నయ్య మాత్రం ఏం చేశాడు? పన్నెండున కాపాడమని ఫోన్ చేస్తే మీ పెద్దాయన ఎత్తలేదు. తర్వాత నాకు చేశాడు. ఆఖరి ఊపిరి నేను ఫోన్‌లో విన్నాను. రెండు రోజులు శవాన్ని దాచి, పద్నాలుగున పోయాడని నాకే కబురు పంపారు!"

మెట్ల మీద, కింద కాచుకుని ఉన్న ఆఫీసువాళ్ల బూట్ల చప్పుడు. ఆవిడ మరిది ముఖంలోకి చూసింది. అన్న పోలికలే. పిస్తోలు రౌటర్ పక్కన పెట్టేసింది. బూట్లవాళ్లు ఆవిడనీ లాప్‌టాప్‌నీ తీసుకుపోయారు.

వైరు పెద్దాయనకి ఫోన్ చేశాడు. "పని అయింది సార్. అన్నయ్య పోయింది ఏ రోజు?"

అవతల పెద్దాయన ఫైలు తెరిచిన చప్పుడు.

"పన్నెండని చెప్పిందా? రికార్డులో పద్నాలుగు. అదే ఉండనీ."

వైరు ఫోన్ పెట్టేసి, రిపోర్టు ఫారం తీసి, పని వివరాల దగ్గర రాశాడు: "వైఫై బిగించడమైనది. అన్ని గదుల్లోనూ సిగ్నల్ బాగుంది. వాడుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు."

— కుట్టుమిషన్ పిన్ని, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, రెండో అంతస్తు.