ఖాళీ గడి బొంత

మొఘల్‌పురాలో పాలమ్మే ఆండాలు, పాలలో నీళ్లు కలిపేటప్పుడు కూడా ఎవరికీ భయపడేది కాదు. ఆ నీళ్లు మంచివేనని కొనేవాళ్లు సరిపెట్టుకునేవారు.

1938 వానాకాలంలో ఒక అమెరికా దొరసాని సొంతూరికి వెళ్లిపోతూ ఆమెకు ఒక బొంత ఇచ్చింది. దొరసానిది మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరట. అక్కడ ఎవరు పోయినా వాళ్ల బట్టలోంచి చదరపు ముక్క కత్తిరించి, ఆడవాళ్లంతా కూర్చుని బొంతలో కుట్టి, కింద దారంతో పేరు రాస్తారట. చివరి గడి ఒక్కటే ఖాళీగా, తెల్లగా ఉంది. అంత ముద్దుగా కుట్టినదాన్ని ఎందుకు వదిలేసి పోతోందో ఆండాలు అడగలేదు. ఊరికే వచ్చింది కదా.

పక్కింట్లో పెళ్లిబట్టలు కుట్టే ఇక్బాలున్నీసా చూసి, చచ్చినోళ్ల గుడ్డలు ఇంట్లో ఎందుకంది. ఆమెకు ఇంకొకరి కుట్టు ఏనాడూ నచ్చదు గనక ఆండాలు పట్టించుకోలేదు.

ఆ వారమే ఆరేళ్ల కూతురు పుష్పకు జ్వరం పట్టుకుంది. హకీం మందు పనిచేయలేదు. పిల్ల వణుకుతుంటే బొంత కప్పి, ఆండాలు సాయంత్రం పాలు పిండడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గది నిండా కాలిన మొక్కజొన్న వాసన. పొయ్యి వెలిగించనేలేదు.

టుక్... సర్ర్... దారం లాగుతున్న చప్పుడు.

ఖాళీ గడిలో ఆకుపచ్చ గుడ్డ. పుష్ప లంగాకు అంతే చిల్లు. గుడ్డ కింద నల్లదారం... ఒక్కో అక్షరం... దానంతటదే.

పాలకోసం వచ్చిన ఇక్బాలున్నీసా గుమ్మంలోనే ఆగిపోయింది. "పేరు పూర్తి కానియ్యకు, బహెన్," అని గుసగుసలాడింది.

ఆండాలు గడ్డి కోసే కొడవలి అందుకుని దారం తెంపింది. అది మళ్లీ కదిలింది. మళ్లీ తెంపింది.

"మీ ఊరోళ్లను మీరు యాదుంచుకోండ్రి. నా బిడ్డ మొఘల్‌పురాది."

ఆకుపచ్చ ముక్కను ఊడబెరికి, ఇక్బాలున్నీసాతో అప్పటికప్పుడు లంగాకు కుట్టించింది. ఆ మహాతల్లి జన్మలో మొదటిసారి వంకరగా కుట్టింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆండాలు బొంతను నయాపూల్ మీదినుంచి నిండుగా పారుతున్న మూసీలోకి విసిరేసి వచ్చింది.

పదిరోజులకు పుష్ప గడపలో కూర్చుని, గుడ్డ మీద నల్లదారంతో బొంత మీదిలాంటి అక్షరాలే కుడుతోంది. బడి ముఖం చూడని పిల్ల.

"ఎవరు నేర్పిండ్రే?"

"తెల్ల అవ్వలు." పిల్ల తలెత్తలేదు. "ఈసారి నా పేరు కాదంట."

"మరెవరిది?"

"నీదే, అమ్మా."

ఆండాలు కొంగు చూసుకుంది. చదరపు చిల్లు.

"రమ్మను," అంది. కొంగు నడుముకు దోపి, కొడవలి తెచ్చుకుని పిల్ల పక్కనే కూర్చుంది.

వాన ఆగి నాలుగు రోజులైంది. పుష్ప ఒళ్లోని గుడ్డ నుంచి మాత్రం మూసీ బురదనీళ్లు కారుతున్నాయి.