పదకొండు కప్పుల టీ

"ఈసారి నీ పని, ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం," అన్నాడు చీఫ్. "చేతనవుతుందా?"

"అలవాటు లేదు సార్," అన్నాడు రాయి.

ఆఫీసులో అతని పేరు అదే. మొదట చాటున అనేవాళ్లు. భార్య పోయిన మూడో రోజున డ్యూటీలో చేరాక ఎదురుగానే అనడం మొదలుపెట్టారు.

చీఫ్ టేబుల్ మీద రెండు ఫొటోలు పెట్టాడు. మొదటిది బట్టతల ఇంజనీరుది. శత్రు సబ్‌మెరైన్లు రాకుండా రేవు అడుగున వేసిన అలారం వ్యవస్థ అతని చేతి పనే. దాని ప్లాన్లన్నీ ఒక మైక్రోచిప్‌లోకి ఎక్కించి, క్రూయిజ్ షిప్ ఎక్కుతున్నాడు. రేపు రోజంతా ఓడ సముద్రం మీదే ఉంటుంది. ఆ ఒక్క రోజులో చిప్ విదేశీ ముఠాకు చేరాలి.

"ఇంజనీరును ఎప్పుడైనా పట్టుకోవచ్చు. చిప్ అందుకునే చెయ్యి ఎవరిదో కావాలి నాకు. అది కనిపించేదాకా కదలొద్దు. కానీ చిప్ ఓడ దాటిందా, మన రేవుకు తలుపులు లేనట్టే."

రెండో ఫొటో ఒక స్త్రీది. నలభై అయిదు దాటినా చూపు తిప్పుకోనివ్వని మనిషి.

"డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ ఏడాదిగా మనకు కబుర్లు చేరవేస్తోంది. మేడమ్ అంటాం. ఈ ప్రయాణంలో నీ భార్య. పాతికేళ్ల పెళ్లిరోజు చేసుకుంటున్నారు."

తర్వాత సామాను. చెవిలో పెట్టుకునే మిషను, వినికిడి కోసం కాదు, మాట్లాడ్డానికి. పిడిలో కెమెరా దాచిన చేతికర్ర. అంతా బాగుంటే 'సముద్రం ప్రశాంతం' అనాలి. చెయ్యి దొరికితే 'తుఫాను' అనాలి. నావికుల దుస్తుల్లో ఇద్దరు మనవాళ్లు వింటూ ఉంటారు.

"నువ్వు సెలవు పెట్టి ఎన్నేళ్లయిందో! దీన్నే సెలవనుకో," అన్నాడు చీఫ్.

రాయి ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు ఒక ఓడ బొమ్మ ఉంది. పాత క్యాలెండరులోంచి కత్తిరించి భార్య అంటించింది. "సముద్రం మీద ఒక్క రోజు. ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే కూర్చుందాం," అనేది. "వచ్చే ఏడు," అనేవాడు అతను. ఇరవై ఆరేళ్లు అన్నాడు. ఆమె ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ అతను పరాయి దేశంలో, తాళాల షాపు మేడ మీద, ఎదురింటి కిటికీ చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ మోగింది. ఎత్తలేదు. తిరిగొచ్చాక మరదలు గుమ్మంలోనే నిలదీసింది. "పదకొండు రోజులూ నీ కోసమే చూసింది. ఇప్పుడెందుకొచ్చావు బావా?"

*

పొద్దున ఎండ ఇంకా మెత్తగానే ఉంది. పైడెక్కు మీద గుడ్డ గొడుగుల కింద బల్లలు వేశారు. రెండు బల్లల అవతల ఇంజనీరు రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. పక్క బల్ల దగ్గర రిటైరయిన దర్జీ ఒకాయన, ఎవరు దొరికినా వదలని రకం.

మేడమ్ టీ పోసి, కప్పును సాసరు మీద కొంచెం తిప్పి, రాయి ముందుకు జరిపింది. "తాగండి, చల్లారిపోతుంది."

"పాతికేళ్ల తర్వాత కూడా టీ పోసిస్తోందా మీ ఆవిడ!" అన్నాడు దర్జీ. "మా ఆవిడ పోసిస్తే నాకు తాగాలంటే భయం, ఏదో అడగబోతోందని. పైగా మీకు కప్పు తిప్పి మరీ పెడుతోంది. అదృష్టవంతులు సార్."

రాయి కప్పు చూశాడు. పిడి ఎడమవైపుకు ఉంది.

అతని కుడిచేతి బొటనవేలు వంగదు. ఎప్పుడో ఒక తలుపులో నలిగింది. ఆ సంగతి తెలిస్తే ఫీల్డు నుంచి తప్పిస్తారని ఆఫీసులో దాచాడు. ఫైల్లో లేదు. ఎడమచేత్తో తాగుతాడని గుర్తుపెట్టుకుని పిడి అటు తిప్పి పెట్టే మనిషి ఒక్కతే ఉండేది.

ఈవిడకెలా తెలిసింది? గూఢచారి ఆ ప్రశ్న అడిగాడు. కానీ ఏడాదిన్నర తర్వాత ఎవరో తన కోసం కప్పు తిప్పారు. ఆ సుఖం గూఢచారి నోరు నొక్కేసింది. టీ తాగాడు. రెండోసారి కూడా పోయించుకున్నాడు.

"సముద్రం ప్రశాంతం," అన్నాడు మిషనులో.

మధ్యాహ్నం ఈతకొలను పక్కన పడక కుర్చీల్లో చేరారు. అందరికీ ఓడవాళ్లిచ్చిన నీలం టవళ్లే. ఇంజనీరు తన టవలు కుర్చీ మీద పరిచి నీళ్లలోకి దిగాడు. దర్జీ అటు వెళ్తూ ఆగి, అంచు పట్టుకుని చూసి, మొహం చిట్లించాడు.

"చూశారా సార్ ఈ పని! అన్ని టవళ్లకూ మిషను కుట్టు. దీనికి ఒక మూల విప్పి చేత్తో కుట్టారు. అదీ వంకర టింకరగా. ఇలాంటి కుట్టు మా షాపులో ఎవడైనా వేస్తే చెంప పగిలేది."

రాయికి అర్థమైంది. చిప్ ఆ మూలలో ఉంది. ఇక చెయ్యి రావాలి. కర్ర పిడిని టవలు వైపు తిప్పి కూర్చున్నాడు.

గాలి చల్లగా ఉంది. ఓడ ఊగీ ఊగనట్టు ఊగుతోంది. ఎవరో దూరంగా పియానో వాయిస్తున్నారు. చుట్టూ ఎటు చూసినా నీళ్లు. ఎవరికీ ఎక్కడికీ వెళ్లే తొందర లేదు. భార్య అడిగింది ఇదే. ఇంతే. పక్క కుర్చీలో ఆమె ఉన్నట్టే అనిపించింది. ఒళ్లు వదులైంది.

కళ్లు తెరిచేసరికి పన్నెండు నిమిషాలు గడిచాయి. టవలు లేదు. పక్క కుర్చీలో మేడమ్ లేదు. మత్తు కలిపిందని రిపోర్టులో రాసుకోవచ్చు. కలపలేదు. హాయిగా ఉండి నిద్రపోయాడు. భార్యతో పోని చోటికి డ్యూటీ మీద వచ్చి, హాయిగా ఉండి నిద్రపోయాడు.

మైకు మోగింది. "ప్రయాణికులకు మనవి. గుండెనొప్పి వచ్చిన ఒక ప్రయాణికుణ్ణి ఒడ్డుకు చేర్చడానికి లాంచీ వచ్చింది. నాలుగు గంటలకు బయలుదేరుతుంది. వెంట వెళ్లడానికి ఒక నర్సు దొరికారు. ఎవరూ కంగారు పడొద్దు."

నర్సు. భార్య చివరి రోజుల ఆసుపత్రి. ఎడమవైపు పిడి. పొద్దున నోరు నొక్కిన ప్రశ్నకు జవాబు ఇప్పుడొచ్చింది. గోడ గడియారం నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"తుఫాను! కింది ద్వారం!" అన్నాడు. మిషను పలకలేదు. మూత తీసి చూశాడు. లోపల బ్యాటరీ లేదు. తను నిద్రలో ఉండగా మేడమ్ తీసుకుంది. కర్ర పట్టుకుని నాలుగంతస్తులు మెట్లు దిగుతూ పరిగెత్తాడు. దారిలో ఎదురైన ప్రతి నావికుడి ముందూ "తుఫాను!" అని అరిచాడు. ఎండలో మెరుస్తున్న సముద్రం చూసి జనం నవ్వారు.

కింది ద్వారం తెరిచి ఉంది. బయట లాంచీ, దాని తాడు పట్టుకుని ఒకడు. లాంచీలోకి వేసిన పలక మీదకు ఎక్కించడానికి సిద్ధంగా స్ట్రెచర్. దాని మీద దుప్పటి కప్పుకున్న లావుపాటి మనిషి, తల కింద మడిచిన నీలం టవలు. తెల్లటి దుస్తుల్లో మేడమ్ అతని నాడి చూస్తోంది.

"లేచారా?" అంది. "పాపం, బాగా నిద్రపోతున్నారని లేపలేదు."

"కప్పు అలా తిప్పడం ఎవరు నేర్పారు?"

ఆమె మొహంలో మొదటిసారి తొట్రుపాటు కనిపించింది. "తిప్పానా? చెయ్యి అలవాటులో చేసేసి ఉంటుంది." తర్వాత గొంతు తగ్గించింది. "మీ రహస్యాలు రాబట్టమని ముఠావాళ్లు నన్ను ఆ ఆసుపత్రిలో పెట్టారు. ఆవిడకు మీ గురించి తెలిసిన రహస్యమల్లా టీ ఒక్కటే. రోజూ సాయంత్రం మీ కోసం ఒక కప్పు పెట్టించేది. 'పిడి ఎడమవైపుకు పెట్టమ్మా, వస్తే ఇబ్బంది పడతారు' అనేది. పదకొండు సాయంత్రాలు పెట్టాను. పదకొండుసార్లూ చల్లారాక పారబోశాను."

రాయి చూపు టవలు మీంచి ఆమె మొహం మీదకు మళ్లింది.

"ఆఖరిరోజు ఒక మాట చెప్పమంది మీతో. మీ మరదలికి కూడా తెలీదు. నాకొక్కదానికే తెలుసు." ఆమె లాంచీ వైపు చూసింది. "రెండు నిమిషాలు ఊరుకోండి. లాంచీ ఎక్కి, అక్కణ్ణుంచి చెప్తాను. ఒట్టు."

ఇద్దరు నావికులు స్ట్రెచర్ ఎత్తారు. వాళ్లు మనవాళ్లు కారు.

రాయి నిలబడ్డాడు. ఒక నిమిషం నిజంగానే ఊరుకున్నాడు. రిపోర్టులో లేని నిమిషం అది. స్ట్రెచర్ ముందు కాళ్లు లాంచీని తాకాయి. తాడు విప్పుతున్నారు.

ఉద్యోగం కోసం ఆ పదకొండు రోజులూ ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్నే వదిలేస్తే, ఆ రోజులు దేనికి ఇచ్చినట్టు?

కుడిచెయ్యి చాచాడు. వంగని వేలు పట్టు తప్పింది. కర్ర తిరగేసి, పిడి వంకీని టవలు మడతలో వేసి లాగాడు. శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసిన కర్ర, చివరికి కర్రలాగే పనికొచ్చింది. టవలు ఊడొచ్చింది. గుండెనొప్పి మనిషి దుప్పటి తన్నేసి, చిన్నపిల్లాడిలా గెంతి లాంచీలోకి దూకాడు. లాంచీ ఉరికింది. మెట్ల మీద 'తుఫాను' విన్న అసలు మనవాళ్లిద్దరూ వచ్చి మేడమ్ చేతులు పట్టుకున్నారు. స్ట్రెచర్ మోసిన ఇద్దరూ వాళ్లంతట వాళ్లే చేతులెత్తారు. టవలు మూల విప్పితే గోరంత చిప్ రాలింది.

తీసుకెళ్తుంటే మేడమ్ వెనక్కి తిరిగింది.

"ఏమంది?" అన్నాడు రాయి. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"బేరం కుదరలేదుగా," అంది ఆమె.

*

పొద్దు వాలుతోంది. పైడెక్కు మీద అదే బల్ల. దర్జీ అటుగా వచ్చాడు. "మీ ఆవిడేరీ? కనబడరే!"

"లేదు," అన్నాడు రాయి.

చెవిలో మిషనుకు కొత్త బ్యాటరీ వేశారు. చీఫ్ గొంతు ఖంగుమంది. "శభాష్! కప్పు ఎటు తిప్పిందో చూసి పట్టేశావట, మేడమే చెప్పింది. నీ కంటి నుంచి ఏదీ తప్పించుకోదయ్యా!"

వెయిటర్ టీ పెట్టి వెళ్లాడు. పిడి కుడివైపుకు ఉంది. రాయి ఎడమచేతి వేలితో తిప్పుకున్నాడు. ఒక్క వేలు చాలింది. భార్య ఏ చేత్తో తాగేదో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. అసలు ఆమె టీ తాగేదా?

"అవును సార్," అన్నాడు. "ఏదీ తప్పించుకోదు."