టూ ఫోర్టీన్ ఓనరు

బెంటన్‌విల్‌లో మన తెలుగువాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. చెరువు పక్క కాంప్లెక్స్‌లో ఇల్లు ఖాళీగా ఉందంటే, ముందు అద్దె ఎంతని అడగరు. "టూ ఫోర్టీన్ కాదు కదా?" అని అడుగుతారు.

టూ ఫోర్టీన్ అంటే రెండో అంతస్తులో మూల ఇల్లు. రెండు వైపులా కిటికీలు. వంటింట్లో నిలబడితే చెరువు, అందులో బాతులు. కాంప్లెక్స్ మొత్తం మీద అంత వెలుతురున్న ఇల్లు ఇంకొకటి లేదు. అయినా పొద్దు వాలాక ఆ మెట్లెక్కడానికి జనం జంకుతారు. చలికాలం ఇక్కడ ఐదింటికే చీకటి పడిపోతుంది మరి.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం నవ్వుకుంటే... దీపాలు ఆరిపోతాయట. పక్కపక్కన కూర్చుంటే... ఇల్లంతా మంచుగడ్డలా అయిపోతుందట.

నేను విన్నది విన్నట్టు చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. నా పేరు పద్మ. ఆ ఇంటికి ఎదురుగా, పార్కింగ్ లాట్‌కి ఇవతల ఏడేళ్ళుగా ఉంటున్నాను. మా కిటికీలోంచి చూస్తే కింద చెత్త డబ్బాలు, పైన టూ ఫోర్టీన్ వంటిల్లు. ఏడేళ్ళుగా నాకున్న వినోదం ఆ రెండే.

ఆ ఇంట్లో ముందు ఉన్నది కృతి, సాత్విక్. కృతి నాకు చెల్లెల్లాంటిదని అందరితో చెప్పేదాన్ని. చెల్లెల్లాంటిదే, కాదనను. కానీ ఆ పిల్లని చూస్తే నాకు కుళ్ళు కూడా.

కుళ్ళుకోక ఏం చెయ్యను? సాత్విక్ ఆ ఇంటిని మొత్తం ఫోన్‌తో నడిచేలా అమర్చాడు. తలుపు తాళం, హీటర్, దీపాలు, పాటలు పాడే స్పీకర్... అన్నీ యాప్‌లోనే. ఆ యాప్‌లో ఓనర్‌గా తన పేరు కాదు, పెళ్ళాం పేరు పెట్టాడు. "ఈ ఇంటికి ఓనర్‌వి నువ్వే" అన్నాడట. మా ఆయన రాజగోపాల్ గారు నాకు కొనిచ్చింది ఒక కుక్కర్. అదీ థాంక్స్‌గివింగ్ సేల్‌లో.

కిందటేడు జనవరిలో, రోడ్డు మీద కంటికి కనపడని మంచుపొర మీద కారు జారి... కృతి పోయింది. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను.

నెల తిరక్కుండా సాత్విక్ శాంటా క్లారాకి వెళ్ళిపోయాడు. ఇంట్లోంచి కృతి ఫోన్ తప్ప ఏమీ తీసుకెళ్ళలేదు. వాట్సాప్ గ్రూప్‌లో మూవింగ్ సేల్ పెట్టాడు. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చేస్తానన్నాడు.

మనవాళ్ళ సంగతి తెలుసుగా! సోఫా దగ్గర్నుంచి పోపుల డబ్బా దాకా ఒకరి తర్వాత ఒకరం వాడేస్తాం. ఆ తాళం, ఆ దీపాలు కూడా అలాగే చేతులు మారాయి. ఎవరూ రీసెట్ చెయ్యలేదు. సాత్విక్ తన ఫోన్‌లోంచి కొత్తవాళ్ళని యాడ్ చేశాడు, అంతే. మనవాళ్ళే కదా! అప్పటికీ యాప్ తెరిస్తే పైన 'కృతి వాళ్ళ ఇల్లు' అనే ఉండేది.

మొదట రేణు వాళ్ళు దిగారు. నాలుగు నెలల్లో సామాను సర్దుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. తన వంటింట్లో ఇంకో ఆడది నవ్వుతుంటే కృతి ఓర్వలేకపోతోంది, ఇల్లు వదల్లేదు అన్నారు. ఆఖరికి దానికి ఒక పేరు కూడా పెట్టారు — ఓనరు.

ఆ తర్వాత, సెప్టెంబర్‌లో, మృదుల వచ్చింది.

పెళ్ళయి ఏడాది. ఇండియా నుంచి నేరుగా ఆ ఇంట్లోకే కాపురానికొచ్చింది. మొగుడు అవినాష్‌ది కంప్యూటర్ సెక్యూరిటీలో ఉద్యోగం. ఎవరి పాస్‌వర్డ్ ఎంత నాసిరకమో కనిపెట్టి చివాట్లు పెట్టడమే పని. అలాంటివాడు వచ్చీ రాగానే వైఫై పాస్‌వర్డ్ ఇరవై నాలుగు అక్షరాలకి మార్చాడు. తాళం జోలికి మాత్రం పోలేదు. అడిగితే, "సాత్విక్ మా కాలేజీ సీనియర్ అక్కా, మనవాడే" అన్నాడు.

సాయంత్రం ఐదున్నరకల్లా ఇంటికొచ్చేవాడు. బూట్లు విప్పకుండానే మృదుల చేతిలో గరిటె లాక్కుని, తనే దోసెలు పోసేవాడు. మొదటి దోసె తుంచి ఆమె నోట్లో పెట్టేవాడు. రోజూ! మా కిటికీలోంచి అంతా కనపడేది. మా ఇంట్లో అదే వేళకి, "చట్నీలో ఉప్పెక్కువైంది" అని ఒక గొంతు వినపడేది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పుల్లకూర కాదు, పొరుగింటి దోసె.

అక్టోబర్ చివర్లో మొదలైంది. మృదుల నాతోనే చెప్పుకునేది, ఇంకెవరూ తెలియదు కదా ఆ పిల్లకి.

"పద్మక్కా... నిన్న ఆయన నాకు తినిపిస్తుంటే... వంటింట్లో లైట్లన్నీ ఒక్కసారి పోయాయి."

"కరెంట్ పోయిందేమో."

"హాల్లో ఉన్నాయక్కా. వంటింట్లోవే పోయాయి."

మూడో రోజు సోఫాలో ఒకే దుప్పటి కప్పుకుని సినిమా చూస్తున్నారట. హీటర్ దానంతట అదే యాభై ఐదుకి దిగిపోయింది. ఇక్కడి లెక్కలో అది పళ్ళు టకటకలాడే చలి. ఇంకో రోజు అవినాష్ పూలు పట్టుకుని తలుపు దాకా వచ్చాడు. కటక్‌మని లోపల గడియ పడిపోయింది.

"ఇంకో వింత చెప్పనా?" గొంతు తగ్గించింది మృదుల. "రాత్రి చలికి మెలకువొచ్చి చూస్తే... హీటర్ మళ్ళీ డెబ్బైకి వచ్చేసి ఉంటుంది. ఆయన పెంచలేదట. నేనూ పెంచలేదు."

"అవినాషే నిద్రమత్తులో పెంచి ఉంటాడ్లే" అన్నాను. నాకు అలాగే అనిపించింది.

అవినాష్ దెయ్యాల్ని నమ్మడు. రౌటర్ చూశాడు, వైర్లు చూశాడు. ఎక్కడా తప్పు లేదు. చివరికి పెళ్ళాం వైపు చూడటం మొదలుపెట్టాడు. "నువ్వే తెలియకుండా ఏదో నొక్కుతున్నావేమో" అన్నాడు మొదట. తర్వాత, "పగలంతా ఒక్కదానివే ఉంటున్నావు, డాక్టర్‌కి చూపిద్దామా?" అన్నాడు. డిసెంబర్ వచ్చేసరికి దోసెలు ఆగిపోయాయి. వంటింట్లో ఇద్దరూ రెండు మూలల నిలబడి ఉండేవారు. ఆ తర్వాత ఒక రోజు ఇండియాకి టికెట్ బుక్ చేశాడు, ఆమెకి ఒక్కదానికే.

"ఆదివారం ఫ్లైట్ అక్కా. కొన్నాళ్ళు అమ్మ దగ్గర ఉండి రమ్మన్నారు." ఏడుస్తూ చెప్పింది ఫోన్‌లో. "వెళ్తే మళ్ళీ వీసా స్టాంపింగ్‌కి డేట్ ఎప్పుడు దొరుకుతుందో... ఆయన తిరిగి రమ్మంటారో, లేదో... నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారక్కా. ఈ సాయంత్రం ఆయన రావడం లేటవుతుంది. కాసేపు వచ్చి కూర్చోరా?"

వెళ్ళాను. ఐదు దాటింది. బయట చిమ్మచీకటి, సన్నగా మంచుతుంపర. మెట్లెక్కుతుంటే నా అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినపడింది.

ఇంట్లో సామాను ఏదీ కదల్లేదు. అదే సోఫా, అదే బల్ల. కిటికీ దగ్గర కృతి పెంచిన కరివేపాకు మొక్క... దాని మీద వెలుగుతూ ఒక చిన్న దీపం. చలికాలం ఈ ఊళ్ళో కరివేపాకు బతకదు. మా ఇంట్లో మూడు చచ్చాయి. ఇది మాత్రం భుజం దాకా ఎదిగి, పచ్చగా నిగనిగలాడుతోంది. దాన్ని చూసినా నాకు కళ్ళు కుట్టాయి.

మృదుల కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నా మొహం వైపే చూస్తోంది. ఆ చూపు నాకు నచ్చలేదు.

అప్పుడు నేను... శాలువా కింద ఫోన్ మీద వేలు కదిపాను.

ఇల్లంతా చీకటైపోయింది.

ఇక దాచి లాభం లేదు. విన్నది విన్నట్టు అన్నాను కానీ, ఇందులో నేను విన్నది సగమే. చేసింది సగం.

రెండేళ్ళ కిందట కృతి మూడు వారాలు ఇండియాకి వెళ్ళింది. వెళ్తూ నన్ను యాప్‌లో యాడ్ చేసింది. ఊరెళ్తే ఎవరో ఒక నమ్మకమైన మనిషికి ఇల్లు అప్పగించడం మన దగ్గర మామూలే. "మొక్కకి నీళ్ళు పొయ్యి అక్కా. హీటర్ డెబ్బై కంటే తగ్గనివ్వకు, చచ్చిపోతుంది. నువ్వు కాబట్టి ఇస్తున్నా" అంది. తిరిగొచ్చాక నన్ను తీసెయ్యడం మర్చిపోయింది. యాప్‌లో ఎవరెవరున్నారో ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ కనపడదు. తర్వాత ఆమే లేకుండా పోయింది.

దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టయింది కానీ, మొదట్లో నేను దొంగని కాదు. ఒక రోజు కృతి గుర్తొచ్చి, ఆమె పేరు చూసుకుందామని యాప్ తెరిచాను. వేలు తగిలింది. ఎదురింట్లో రేణు దీపం ఆరిపోయింది. రేణు అరిచిన అరుపు నాకు ఇక్కడికి వినపడింది. అప్పుడు... చెప్పడానికి సిగ్గేస్తోంది... నా కడుపులో చల్లగా అనిపించింది.

చీకట్లో మృదుల అరుస్తుందని చూశాను. అరవలేదు.

"అక్కా..." అంది మెల్లగా. "ఫోన్ బల్ల మీద పెట్టండి."

"ఏ ఫోన్?"

"శాలువాలోంచి వెలుగు కనపడుతోందక్కా."

పెట్టాను.

"నిన్న సాత్విక్ గారికి కాల్ చేశాను. మాటల్లో చెప్పారు, మొక్క కోసం కృతి మీకు యాక్సెస్ ఇచ్చిందని. ఎందుకక్కా? నేను మీకేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు" అన్నాను. "అతను నీకు దోసె తినిపిస్తుంటే చూడలేకపోయాను. కృతిని చూసినా అంతే. ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు ఎవరూ ఒక ముక్క తుంచి పెట్టలేదు మృదులా. నీ కాపురం చెడాలని కాదు... నవ్వు కాస్త ఆగితే చాలనుకున్నాను."

"ఆగిపోయింది. ఆదివారం టికెట్."

"అవినాష్ రానీ. నా నోటితోనే చెబుతాను."

చెప్పాను కూడా. ఆ రాత్రే చెప్పాను. టికెట్ రద్దయింది. అవినాష్ ఇప్పటికీ నా మొహం చూడడు, అది నాకు తగిన శాస్తే. మృదుల మాత్రం ఈ కాంప్లెక్స్‌లోనే ఉంది, వేరే బిల్డింగ్‌లో. కానీ నేను చెప్పవలసింది అది కాదు. అవినాష్ రాకముందు, మేమిద్దరం అలా చీకట్లో కూర్చుని ఉండగా జరిగింది.

కటక్... మని తలుపు గడియ పడింది.

ఇద్దరం కదల్లేదు. మృదుల ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. నాది బల్ల మీద, ఇద్దరి మధ్య.

కరివేపాకు మొక్క మీద దీపం వెలిగింది. అదొక్కటే. తర్వాత గోడలోంచి వెచ్చటి గాలి రావడం మొదలైంది. గోడ మీద అంకె మెల్లగా... అరవై ఆరు... అరవై ఎనిమిది... డెబ్బై దగ్గర ఆగింది.

బల్ల మీద నా ఫోన్ ఒక్కసారి వణికి వెలిగింది. ఇద్దరం వంగి చదివాం.

'కృతి మిమ్మల్ని ఈ ఇంటి నుంచి తీసేశారు.'

ఆ పేరు రెండుసార్లు చదివాను. మరుక్షణం విషయం అర్థమై నవ్వొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. యాడ్ చెయ్యడం ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు కానీ, ఇంకొకర్ని తీసెయ్యాలంటే ఓనర్ ఫోన్‌తోనే కుదురుతుంది. ఆ ఫోన్ సాత్విక్ దగ్గరుంది.

"నిన్న అతనితో చెప్పి తీయించావన్నమాట" అన్నాను. "మంచి పని చేశావు. నా ప్రాణం పోయిందనుకో."

మృదుల నవ్వలేదు. ఆ దీపం వెలుగులో ఆమె మొహం పాలిపోయి ఉంది.

"అడిగానక్కా. ఆ ఫోన్‌లోంచి మిమ్మల్ని తీసెయ్యమనే అడిగాను. ఆయన ఏడ్చారు... తన వల్ల కాదన్నారు." గుసగుసగా చెప్పింది. "ఏడాదిగా దాన్ని చార్జ్ చేసి పక్కన పెట్టుకుంటున్నారట, అంతే. పాస్‌కోడ్ ఎవరికీ తెలీదు. ఆమె మొహం చూస్తే తప్ప... అది తెరుచుకోదట."