పదిహేడో నంబరు నిద్ర

"పదిహేడో నంబరు మళ్లీ నిద్రపోయింది."

తెర మీంచి చూపు తిప్పకుండానే అంది డాక్టర్ సువార్త. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పైడయ్య మొహం చిన్నబోయింది.

"ఎంతసేపటికమ్మా?"

"రెండు నిమిషాల పది సెకన్లకి."

"నిన్నటి కంటే ముందే," అన్నాడాయన, తప్పంతా తనదే అన్నట్టు.

పైడయ్య గోడు అర్థం కావాలంటే ముందు ఆనాటి విశాఖపట్నం సంగతి చెప్పాలి. అప్పటికి ఊళ్లో స్టీరింగు పట్టుకునే మనిషన్నవాడు లేడు. బస్సులూ కార్లూ వాటంతటవే పోతాయి, వాటంతటవే ఆగుతాయి, కనీసం ఒకదాన్నొకటి తిట్టుకోవు కూడా. ఆఖరి బస్సుకి స్టీరింగు పీకేసి ఆరేళ్లయింది. అది అరకు ఘాట్ రోడ్డు మీద తిరిగే బస్సు. దాన్ని ఇరవై రెండేళ్లు నడిపినవాడు పైడయ్య.

ఉద్యోగం పోయాక ఆయన తిండికీ నిద్రకీ లోటు రాలేదు గానీ చేతులకే ఏమీ తోచేది కాదు. పూర్ణా మార్కెట్లో పాత సామాన్ల కొట్టులో వీడియో గేములాడే స్టీరింగు ఒకటి కనబడితే కొనుక్కొచ్చి బల్లకి బిగించాడు. అలా రేసింగ్ గేముల్లో పడ్డాడు. అరవై దాటాక పట్టుకున్న పిచ్చి ఒక పట్టాన వదలదు. ఆడిన ప్రతి గేము గురించీ నలుగురికీ చెప్పాలనిపించి, సొంతంగా నేర్చుకుని, సొంతంగా ఒక వెబ్‌సైట్ కట్టాడు. దానికి పాత బస్సు ఎరుపు రంగు వేశాడు. తెరవగానే హారన్ మోగుతుంది. ఎందుకయ్యా అంటే, మోగకపోతే బండి కదిలినట్టు ఉండదు కదా అంటాడు. డ్రైవరు కళ్లు రోడ్డు మీదే ఉండాలి గనక ప్రతి పేజీనీ తన గొంతుతో చదివి "వినండి" అని ఒక బటన్ కూడా పెట్టాడు. దాన్ని ఎవరూ నొక్కరనుకుని తర్వాత తనే మర్చిపోయాడు.

ఆయన రాతలు చూస్తే గేములు తయారుచేసినవాళ్లు తల పట్టుకుంటారు. కారు గంటకి మూడు వందల కిలోమీటర్లు పోతుంది, బాగానే ఉంది, సడన్ బ్రేకు వేస్తే వెనక నిలబడ్డ ముసలమ్మ పడుతుందా పడదా? ఇదీ ఆయన పరీక్ష. రేసు సగంలో ఉండగా ఏదో మలుపు రాగానే మనిషి అరకు దారి పట్టేస్తాడు. "టైడా దాటాక ఇలాంటి మలుపే ఒకటుంది. మా కండక్టరు తల బయటికి పెట్టి వెనక చూసి, రేకు మీద రెండు దెబ్బలు కొట్టి 'రైట్ రైట్' అనేది. ఆ తర్వాతే నేను క్లచ్చి వదిలేవాణ్ని." ఇలా పేజీలకి పేజీలు. కండక్టరు పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. పరాయి ఆడమనిషి పేరు అందరూ చూసే చోట పెట్టడం మర్యాద కాదని ఆయన ఉద్దేశం.

పేజీ అడుగున "మీ అభిప్రాయం రాయండి" అని ఒక డబ్బా పెట్టి రోజుకు పదిసార్లు తెరిచి చూసుకునేవాడు. నాలుగేళ్లలో అందులో పడ్డవి మూడు. ఒకటి జుట్టు నూనె ప్రకటన. ఇంకొకటి "హాయ్". మూడోది బావమరిది రాసిన "సూపర్ బావా". అది కూడా సైటు పూర్తిగా తెరుచుకోకముందే రాశాడని తర్వాత తేలింది. బాగుందో బాగోలేదో ఒక్కరైనా నిజం చెప్పాలని పైడయ్య ఆశ. తిట్టినా పడతానంటాడు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ సువార్త "కనుపాప" అనే యంత్రం తయారుచేసి, దాన్ని పరీక్షించడానికి వెబ్‌సైట్లు కావాలని ప్రకటన ఇచ్చింది. నోరు మర్యాద కోసం అబద్ధం ఆడుతుంది గానీ కన్ను ఆడలేదన్నది ఆమె సిద్ధాంతం. నచ్చింది చూస్తే కంటిపాప పెద్దదవుతుంది. విసుగొస్తే రెప్పలు బరువెక్కుతాయి. సైటుకి వచ్చినవాళ్లు "సరే" అని నొక్కితే వాళ్ల ఫోన్ కెమెరా కళ్లని గమనించి, ఎక్కడ ఆసక్తి పెరిగిందో ఎక్కడ పడిపోయిందో గ్రాఫు గీసి పంపిస్తుంది. పేర్లుండవు, నంబర్లే. ఆ పిలుపుకి మొదట పరిగెత్తుకొచ్చింది పైడయ్యే.

మూడు వారాల్లో ముప్ఫై మంది దాకా తేలారు. వస్తారు, ఒక పేజీ చూస్తారు, పోతారు. పదిహేడో నంబరు ఒక్కటే రోజూ సాయంత్రం నాలుగింటికి ఠంచనుగా వచ్చేది, కండక్టరు ఊసు రాగానే కళ్లు మూసేది, పేజీ అయ్యేదాకా తెరిచేది కాదు.

"నిద్రొస్తే పడుకోవచ్చు కదమ్మా! రోజూ వచ్చి నా దగ్గర పడుకోడం ఏటి?" అన్నాడు పైడయ్య.

"నిద్ర పట్టనివాళ్లెవరో మందులా వాడుకుంటున్నారేమో," అని నవ్వేసింది సువార్త. ఆయన మొహం చూశాక నాలుక కరుచుకుంది. "అది కాదు పైడయ్య గారూ, మిగతావాళ్ల గ్రాఫు కూడా అక్కడే పడుతోంది. ఘాట్ రోడ్డు, కండక్టరు వచ్చే చోట. కనుపాప సూచన కూడా అదే, ఆ భాగాలు తీసెయ్యమని."

"అవి తీసేస్తే నా సైటులో ఏటుంటాదమ్మా?"

"గేములుంటాయి. వాళ్లొచ్చేది అందుకే కదా."

ఆయన మూడు రోజులు కూర్చుని తీసేశాడు. కొమ్మలు నరికినట్టు నరికాడు, చదివిపెట్టిన గొంతుతో సహా. టైడా పోయింది, అనంతగిరి పోయింది, రేకు మీద రెండు దెబ్బలు పోయాయి.

నాలుగో రోజు గ్రాఫులన్నీ లేచాయి. పదిహేడో నంబరుదైతే ఆకాశానికంటింది. కళ్లు ఇంతింత చేసుకుని, రెప్ప వాల్చకుండా, పేజీ మొదలు నుంచి చివరిదాకా చూసింది. నూటికి తొంభై ఒకటి వేసింది కనుపాప.

పైడయ్య మాడుగుల హల్వా తెచ్చి ల్యాబులో అందరికీ పంచాడు. "మేలుకుంది డాక్టరమ్మా, మేలుకుంది!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. రోజూ గ్రాఫు చూసుకోవడమే పని అయిపోయింది. నిజం చెప్పే యంత్రం ఉండగా ఇంక డబ్బా ఎందుకని దాన్ని తెరవడం మానేశాడు.

తొమ్మిది రోజులు పదిహేడో నంబరు అలాగే చూసింది. పదో రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక పైడయ్య డబ్బా తెరిచాడు. ఒక ఉత్తరం ఉంది. పన్నెండు రోజుల కిందటిది. "డ్రైవర్ మావయ్యా, పాత పేజీలు ఎక్కడున్నాయి? అమ్మకి వినిపించాలి. నంబరు ఇస్తున్నాను, ఒక్కసారి ఫోన్ చెయ్యండి. వరహాలమ్మ గారి అమ్మాయి హారిక."

పంతొమ్మిదేళ్లు ఆయన వెనక నిలబడి టిక్కెట్లు కోసిన కండక్టరు పేరు వరహాలమ్మ. ఆయన సైటులో ఎక్కడా రాయని పేరు అదే.

వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేశాడు.

"ఇప్పుడా చూశారు మావయ్యా?" అంది హారిక. ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది ఆయనకి. "అమ్మ మంచాన పడి రెండేళ్లు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఎలాగో మీ సైటు నాకు దొరికింది. నాలుగయ్యేసరికి 'బండి టైమైంది, పెట్టవే' అనేది. నేను ఎదురుగా ఫోను పట్టుకునేదాన్ని. మీ గొంతు ఘాట్ దగ్గరికి రాగానే కళ్లు మూసుకునేది. తెరిస్తే గోడ కనబడతాది, మూస్తే ఘాట్ కనబడతాది అనేది. మీరు రెండు దెబ్బలు అనగానే ఎడం చేత్తో మంచం పట్టీ మీద కొట్టేది."

"నాకు చెప్పలేదేటి తల్లీ?"

"రాస్తానంటే వద్దనేది. నేను వింటన్నానని తెలిస్తే పైడయ్య సిగ్గుపడి రాయడం మానేస్తాడనేది."

ఆయన అడగాల్సింది అడిగాడు. "మరి కొత్తది పెట్టాక?"

"కళ్లు తెరిచి ఫోను కేసే చూసేది మావయ్యా. బండి ఎక్కడాగిపోయిందే, టైడా దాటిందా లేదా అని. తొమ్మిది రోజులు వెతుకుతానే ఉంది. పదో రోజు తెల్లారి చూస్తే లేదు."

మర్నాడు పైడయ్య ల్యాబుకెళ్లి ఆ మాటలన్నీ చెబుతుంటే సువార్త తల ఎత్తలేదు. తప్పు తనదేనంది. పైడయ్య ఒప్పుకోలేదు.

"నీకేం తెలుసమ్మా, నాకు తెలియాలి గానీ. ఇరవై రెండేళ్లు అద్దంలో చూశాను. ఘాట్ ఎక్కుతుంటే సగం బస్సు కళ్లు మూసుకునే ఉండేది. ఒక్కరికీ నిద్రుండేది కాదు."

ఆ రోజే ఇంటికెళ్లి తీసేసినవన్నీ తిరిగి పెట్టాడు, గొంతుతో సహా. ఒక్క మార్పు చేశాడు. కండక్టరు అని ఉన్న చోటల్లా వరహాలమ్మ అని రాశాడు. సాయంత్రం నాలుగింటికి ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, "సరే" అని నొక్కి, "వినండి" కూడా నొక్కాడు. హారన్ మోగింది. టైడా మలుపు రాగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది.

ల్యాబులో సువార్త తెర మీద కొత్త గ్రాఫు ఒకటి వచ్చింది. కింద కనుపాప ఎప్పటిలాగే తన సూచన రాసింది.

"ముప్ఫై నాలుగో నంబరు రెండు నిమిషాల పది సెకన్లకి నిద్రపోయింది. ఈ భాగం తీసివేయడం మంచిది."